పూత వెనక దాక్కున్న నీళ్లు: పెద్దాపురం పాత గోడల చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో యుద్ధాలు లేవు, పట్టాభిషేకాలు లేవు. ఒక గోడ ఉంది. ఆ గోడలో నీళ్లున్నాయి. ఆ నీళ్లు అక్కడికి ఎలా చేరాయి, ఏ కాలంలో చేరాయి, ఎందుకు బయటికి పోలేకపోతున్నాయి అన్నదే ఇవాళ్టి కథ. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, మీలో చాలామంది ఇళ్లలో ఒక ప్రశ్న నడుస్తూనే ఉంటుంది. తాతగారి ఇల్లు ఉంచుదామా, పడగొట్టి కొత్తది కడదామా? దానికి జవాబు చాలాసార్లు ఆ గోడలోని నీళ్ల దగ్గరే ఉంటుంది.

మనం మాట్లాడుకునే ఊరు పెద్దాపురం. సామర్లకోట పక్కనే. 2022 ఏప్రిల్ దాకా తూర్పు గోదావరి జిల్లా, ఇప్పుడు కాకినాడ జిల్లా. ఒకప్పుడు వత్సవాయి వారి సంస్థానానికి రాజధాని. పాండవుల మెట్ట, మరిడమ్మ తీర్థం, పట్టు బట్టలు అంటే చుట్టుపక్కల అందరికీ గుర్తొచ్చే ఊరు. 1915లోనే మునిసిపాలిటీ అయింది. అంటే వందేళ్ల కిందటికే ఇక్కడ వీధులు, వీధుల్లో పెద్ద పెద్ద లోగిళ్లు ఉన్నాయన్నమాట. ఆ లోగిళ్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. వీధి అరుగు, చెక్కడం పని చేసిన గుమ్మం, లోపల మండువా, మండువా చుట్టూ వసారా, టేకు స్తంభాలు, పైన పెంకు.

నేను ఈ వీధుల్లో నడిచేటప్పుడు పైకి చూడను, కిందికి చూస్తాను. గోడ అడుగు భాగం. చాలా ఇళ్లకి నేల నుంచి మోకాలెత్తు, నడుమెత్తు దాకా రంగు ఉబ్బి ఉంటుంది. తెల్లగా ఉప్పులాంటి పొడి రాలుతుంది. అక్కడక్కడ పెచ్చులు ఊడిపోయి లోపలి ఇటుక కనిపిస్తుంది. ఆ ఇటుకని గోటితో గీకితే పిండిలా వస్తుంది. ఊడని చోట వేలి కణుపుతో తట్టి చూడండి. ‘డొల్ల’ అని చప్పుడు వస్తే పూతకీ గోడకీ మధ్య సందు పడిపోయిందని అర్థం. పైకి బాగానే ఉంటుంది, వెనక ఏమీ ఉండదు.

దీనికి మామూలుగా చేసే వైద్యం అందరికీ తెలిసిందే. ఉబ్బింది గీకేస్తారు. సిమెంటుతో మళ్లీ ప్లాస్టరింగ్ చేస్తారు. పుట్టీ పెడతారు. పైన వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తారు. పండక్కి ఇల్లు మెరిసిపోతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి చెమ్మ మళ్లీ వస్తుంది. వింత ఏమిటంటే, ఈసారి ముందుకంటే ఒక అడుగు పైకి వస్తుంది. బాగు చేసిన కొద్దీ చెమ్మ పైకెందుకు ఎక్కుతోంది? ఇది తెలియాలంటే ఆ గోడ ఎలా పుట్టిందో తెలియాలి.

ముందు లోగిళ్లు కాదు, మట్టి ఇళ్లు చూద్దాం. మన వైపు వాన తక్కువేం కాదు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైమాటే. పైగా బంగాళాఖాతం తుపాన్లు. 1839 నవంబరులో కోరంగిని ముంచేసిన తుపాను ప్రపంచ తుపానుల చరిత్రలోనే పేరు మోసింది. 1996 నవంబరు 6న కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన తుపాను మన పెద్దవాళ్లు ఇంకా మర్చిపోలేదు. తుపానులో వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. మట్టిగోడకి అదే చావు. అందుకని మన పల్లెల్లో ఏం చేసేవాళ్లంటే, వానలకి ముందు గోడకి బయటివైపు తాటాకు దడి కట్టేవాళ్లు. చూరు బాగా కిందికి దింపేవాళ్లు. జల్లు తాటాకుని తడుపుతుంది. తాటాకుకీ గోడకీ మధ్య గాలి ఆడుతుంది. గోడ పొడిగా ఉంటుంది. ఆకు కుళ్లితే మరుసటి ఏడాది మారుస్తారు. తడిసేది ఒకటి, మోసేది ఒకటి, మధ్యలో గాలి. ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

ఇలా ఆలోచించింది మనం ఒక్కళ్లమే కాదు. రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో విట్రూవియస్ అనే ఇంజనీరు కట్టడాల మీద పది భాగాల పుస్తకం రాశాడు. ఏడో భాగంలో చెమ్మ పట్టే గోడల గురించి చెప్పాడు. గోడకి కాస్త ఎడంగా ఇంకో సన్నటి గోడ కట్టండి, మధ్యలో నీళ్లు జారడానికి కాలువ పెట్టండి, కిందా పైనా గాలికి కన్నాలు వదలండి అన్నాడు. మన తాటాకు దడి వెనక ఉన్న ఆలోచనే.

ఇప్పుడు లోగిళ్ల దగ్గరికి వద్దాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి జిల్లాల్లో పంట పెరిగింది, డబ్బు పెరిగింది, పెద్ద ఇళ్లు పెరిగాయి. ఇటుక గోడలు వచ్చాయి. వాటిని కలిపింది సిమెంటు కాదు, సున్నం. సున్నపురాయినో, సముద్రం ఒడ్డున దొరికే గుల్లనో బట్టీలో కాలుస్తారు. దాన్ని నీళ్లలో వేస్తే కుతకుత ఉడుకుతుంది. ఆ సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో వేస్తారు. నూనె గానుగ కాదు. గుండ్రటి కాలువ, అందులో రాతి చక్రం, దాన్ని లాగే ఎద్దులు. అలా నలిగి నలిగి వెన్నలా అయిన దాన్నే డంగు సున్నం అంటారు. మేస్త్రీలు అందులో కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. పనితనం బాగా రావడానికీ, పూత గట్టిపడటానికీ.

ఈ సున్నం ఎలా గట్టిపడుతుందో తెలుసా? గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని, మెల్లగా, నెలల తరబడి మళ్లీ రాయిగా మారుతుంది. అయినా దానిలో సన్నటి రంధ్రాలు అలాగే ఉంటాయి. వానకి కాస్త తడి పీల్చుకుంటుంది. ఎండ రాగానే ఆవిరిగా వదిలేస్తుంది. పాతకాలం గోడకి నీళ్లు రాకుండా ఆపే పద్ధతి లేదు. వచ్చిన నీళ్లు పోవడానికి దారి ఉండేది. అంతే తేడా.

ఈ ఏర్పాటు నిలబడటానికి ఒక క్యాలెండర్ ఉండేది. ఆషాఢంలో మరిడమ్మ తీర్థం నాటికి వానలు మొదలవుతాయి కాబట్టి ఎండాకాలంలోనే పెంకు సర్దించేవాళ్లు. వానలన్నీ అయిపోయాక సంక్రాంతికి గోడలకి సున్నం వేయించేవాళ్లు. మనం సున్నం అంటే పండగ అలంకారం అనుకుంటాం. అది ఏటా జరిగే మరమ్మతు కూడా. వానాకాలంలో గోడకి పడ్డ సన్నటి చీలికల్లోకి ఆ సున్నపు నీళ్లు దిగి పూడ్చేసేవి. అరిగిపోయేది పైపూత. దాన్ని ఏడాదికోసారి మార్చేస్తే లోపలి గోడ అరగదు. తాటాకు దడి చేసిన పనే ఇక్కడ సున్నం చేసింది.

మరి ఇది ఎక్కడ తెగిపోయింది? 1824లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ పనివాడు పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు తీసుకున్నాడు. మన వైపు 1936లో ఆంధ్రా సిమెంట్ కంపెనీ మొదలైంది. కానీ మామూలు ఇంటికి సిమెంటు అంత తేలిగ్గా దొరకలేదు. స్వాతంత్ర్యం వచ్చాక చాలా ఏళ్లు సిమెంటు కంట్రోల్ సరుకు. ఇల్లు కట్టుకోవాలంటే పర్మిట్ కావాలి, పర్మిట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. సిమెంటు కోటాల వివాదంలో హైకోర్టు తీర్పు వచ్చాక 1982 జనవరిలో మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే రాజీనామా చేయాల్సి వచ్చిందంటే, ఆ బస్తా విలువ ఏపాటిదో ఊహించుకోండి. అదే ఏడాది కొంత కంట్రోల్ ఎత్తేశారు. 1989 మార్చిలో పూర్తిగా ఎత్తేశారు.

అప్పటిదాకా అందని సరుకు ఒక్కసారిగా వీధి చివర కొట్లోకి వచ్చేసింది. దొరకని వస్తువు మీద మనకి ఎంత మోజు ఉంటుందో తెలుసు కదా. సున్నం అంటే పాతదనం, సిమెంటు అంటే పక్కా అనే భావన బలపడింది. పైగా సున్నానికి రోజులు పడుతుంది, సిమెంటు గంటల్లో గట్టిపడుతుంది. కూలి లెక్క చూసుకుంటే ఎవరైనా సిమెంటే అంటారు. నేను వాళ్లని తప్పుపట్టను. గానుగ తిప్పే ఎద్దులు, కరక్కాయ నానబెట్టే తీరిక పోయాయి. ఉన్న డబ్బుతో ఇల్లు బాగుండాలని చేసిన పనే అది. అయితే గోడ పాతది, దాని మీద పూత కొత్తది. రెండిటి స్వభావం వేరు.

ఒక పెద్దవయసు తాపీ మేస్త్రి గారిని అడిగాను. “మేస్త్రి గారూ, సిమెంటు గట్టిదే కదండీ, మరి పాత గోడ మీద ఎందుకు నిలబడటం లేదు?” అని. ఆయన నవ్వి, “గట్టిదే బాబూ. గోడ కంటే గట్టిది. అదే కదండీ గొడవ” అన్నారు. రెండు ముక్కల్లో మొత్తం చెప్పేశారు.

ఇప్పుడు మన పొడుపు కథ విప్పుదాం. పాత గోడ పునాదిలో నీళ్లని ఆపే పొర సాధారణంగా ఉండదు. నేలలోని తడి, దీపం ఒత్తి నూనె పీల్చినట్టు, ఇటుకలోంచి పైకి పాకుతుంది. ఎంత ఎత్తుకి? కింద నుంచి వచ్చే నీళ్లూ, గోడ పక్కల నుంచి ఆవిరయ్యే నీళ్లూ సమానమయ్యే దాకా. సున్నం పూత ఉన్నప్పుడు ఆ సమానం గోడ అడుగునే జరిగిపోయేది. మీరు ఆ అడుగు భాగాన్ని సిమెంటుతో, దాని మీద ప్లాస్టిక్ పెయింటుతో మూసేశారు. కింద దారి లేదు. కాబట్టి నీళ్లు పూత లేని చోటు వెతుక్కుంటూ ఇంకా పైకి ఎక్కుతాయి. మళ్లీ అక్కడా మూస్తే మళ్లీ పైకి. దీనితోపాటు నేలలోని ఉప్పు, సిమెంటులో ఉండే ఉప్పులు కరిగి పూత వెనక చేరతాయి. నీరు ఆరగానే అవి పలుకులుగా పెరిగి ఇటుకని లోపలి నుంచి పొడి చేస్తాయి. సిమెంటు పూత గట్టిది కాబట్టి అది అరగదు, మెత్తటి పాత ఇటుక అరుగుతుంది. బలి కావాల్సింది పూత, బలవుతున్నది గోడ.

ఇంకో కారణం మన కళ్ల ముందే ఉంది గానీ పట్టించుకోం. రోడ్డు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు, దాని మీద ఇంకో సిమెంటు రోడ్డు. ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి వెళ్లిన అరుగు ఇప్పుడు రోడ్డుకి సమానంగా ఉంటుంది. కొన్ని ఇళ్లలోకి మెట్లు దిగి వెళ్లాలి. వీధి నీళ్లు, మురుగు కాలవ నీళ్లు నేరుగా గోడ మొదట్లో నిలుస్తాయి. వందేళ్ల కింద కట్టినవాళ్లు గోడని నీళ్లకి అందనంత ఎత్తులో పెట్టారు. మనం నీళ్లనే పైకి తెచ్చి గోడకి అంటించాం.

ఇది పాత ఇళ్ల జబ్బే అనుకోకండి. కెనడాలో వాంకూవర్ చుట్టుపక్కల 1980ల నుంచి కట్టిన వేలాది అపార్ట్‌మెంట్ ఫ్లాట్లలో ఇదే జరిగింది. లోపల చెక్క చట్రం, బయట నున్నటి పూత, పొట్టి చూర్లు. కిటికీ మూలల్లోంచి దూరిన వాన నీళ్లు బయటికి పోలేక లోపలి చెక్క కుళ్లిపోయింది. గొడవ ఎంత పెద్దదయిందంటే 1998లో అక్కడి ప్రభుత్వం మాజీ ప్రీమియర్ డేవ్ బారెట్‌తో విచారణ సంఘం వేసింది. ఆ ప్రావిన్స్‌లో ముఖ్యమంత్రిని ప్రీమియర్ అంటారు లెండి. న్యూజిలాండ్‌లోనూ అదే కథ, 2002లో అక్కడా విచారణ నివేదిక వచ్చింది. ఆ తర్వాత అక్కడ బయటి పలకకీ లోపలి గోడకీ మధ్య సందు వదిలే పద్ధతి బలపడింది. తడిసేది ఒకటి, మోసేది ఒకటి, మధ్యలో గాలి. తాటాకు దడి గుర్తొచ్చిందా? అమెరికాలో ఉన్న మీ అన్నయ్యో, పిన్నిగారో బయటి గోడకి సైడింగ్ ఉన్న ఇంట్లో ఉంటే వాళ్లకీ ఇదే చెప్పండి. కిటికీ కింద పలక మెత్తబడితే దాని మీద రంగు వేయొద్దు. పలక విప్పి, నీళ్లు ఎక్కడ దూరుతున్నాయో చూసి, కుళ్లిన చెక్క తీసి, నీటి పొర, కిటికీ అంచు రేకులు సరిచేశాకే మళ్లీ బిగించాలి.

సరే, మన గోడకి ఏం చేయాలి? వరుసగా చెబుతాను. వరుస తప్పితే డబ్బు వృథా.

మొదట నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. పైనుంచి దిగే తడి అయితే పెంకు పగిలిందా, రెండు వాలులు కలిసే చోట దోనె పట్టేసిందా, గోడలో రావి మొక్క మొలిచిందా చూడాలి. కింద నుంచి ఎక్కే తడి అయితే గోడ మొదట్లో నిలిచే నీళ్లు, లీకయ్యే కుళాయి గొట్టం చూడాలి. తేడా తెలియకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. గోడ మీద అల్యూమినియం ఫాయిల్ ముక్క పెట్టి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించండి. రెండు రోజులాగి చూడండి. గోడ వైపు చెమ్మ ఉంటే తడి గోడలోంచి వస్తోంది. గది వైపు చెమ్మ ఉంటే అది గాలిలో తేమ. వైద్యం వేరు.

రెండు, నీళ్లకి దారి మళ్లించాలి. గోడ చుట్టూ మట్టి, పాత గచ్చు తీసి వాలు బయటికి ఉండేలా చేయాలి. చూరు నీళ్లు గోడకి దూరంగా పడాలి. ఇది చేయకుండా మిగతావి ఏం చేసినా దండగే.

మూడు, సిమెంటు పూతని తడి గీత కంటే కనీసం ఒక మూర పైదాకా జాగ్రత్తగా తీసేయాలి. సమ్మెట దెబ్బలు వద్దు, ఇటుక చెదిరిపోతుంది. ముందు ఆ గోడకి కరెంటు ఆపేయండి, తడి గోడలో వైరు ప్రాణం తీస్తుంది. ఉప్పు పొడిని పొడి చీపురుతో ఊడ్చేయాలి. నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది.

నాలుగు, ఆగాలి. మనకి కష్టమైన పని ఇదే. గోడ అంగుళం మందం ఆరడానికి నెల పడుతుందని ఒక మోటు లెక్క. పద్దెనిమిది అంగుళాల గోడ అంటే ఏడాది పైనే. కనీసం ఒక ఎండాకాలం మొత్తం వదిలేయండి. ఈలోగా దూలాల చివరలు చూడండి. టేకు దూలం బయట బాగానే కనిపిస్తుంది, గోడలోకి దూరిన చివర పుచ్చిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే సులువుగా దిగిందంటే వడ్రంగిని పిలవాల్సిందే. మొత్తం దూలం మార్చక్కర్లేదు, పుచ్చిన ముక్క కోసి మంచి చెక్కతో అతుకు వేయొచ్చు.

ఐదు, చలికాలంలో సున్నం పూత. ఒక పాలు సున్నం, రెండు మూడు పాళ్లు ఇసుక. పలచగా ఒక పొర, అది కాస్త గట్టిపడ్డాక ఇంకో పొర. తడి గోనె పట్టాలు కట్టి మెల్లగా ఆరనివ్వాలి. పైన సున్నమే వేయాలి, ప్లాస్టిక్ పెయింట్ వేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

సిమెంటుకి నేను శత్రువుని కాదండి. స్లాబు, పిల్లర్ల ఇల్లు సిమెంటుతోనే నిలబడుతుంది. దానికి జబ్బు వేరే. చీలికలోంచి నీళ్లు దిగి లోపలి ఇనుప కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. అక్కడ కూడా ఊడిన పెచ్చు మీద రంగు వేసి దాస్తే లోపల కడ్డీ తినేస్తుంది. సరుకు మారింది గానీ సూత్రం అదే. కనిపించే మచ్చ జబ్బు కాదు, నీళ్లు వచ్చిన దారి జబ్బు.

ఒక హెచ్చరిక. ముసురు పట్టి నాలుగు రోజులు కురిశాక ఎండ కాస్తే మనం ఊపిరి పీల్చుకుంటాం. పాత గోడకి, ముఖ్యంగా మట్టిగోడకి అప్పుడు కూడా ప్రమాదమే. నీళ్లు తాగి బరువెక్కి, బలం తగ్గి, వాన ఆగాక కూడా కూలిపోగలదు. గోడ పొట్ట ఉబ్బినట్టు బయటికి వచ్చినా, కొత్త చీలిక పెరుగుతున్నా, తలుపు ఉన్నట్టుండి పట్టేసినా ఆ గదిలో పడుకోవద్దు, పక్కన పశువుల్ని కట్టొద్దు. ఇంజనీరుని పిలవండి. అన్ని ఇళ్లూ బతకవు. కొన్నిటిని దించేయడమే మంచిది. కానీ చెమ్మ కనిపించగానే ‘ఇల్లు అయిపోయింది’ అని టేకు స్తంభాలు అమ్మేసి బుల్‌డోజర్‌ని పిలవడం, జ్వరం వచ్చిన మనిషికి పాడె కట్టడం లాంటిది.

పెద్దాపురం గోడలు నాకు చెప్పింది ఇదే. మన పాతవాళ్లు నీళ్లతో పంతానికి పోలేదు. వచ్చేదాన్ని రానిచ్చి, పోయే దారి తెరిచి ఉంచారు. ఆ పనికి ఏటా కాస్త శ్రమ, కాస్త సున్నం ఖర్చయ్యేవి. మనం ఒక్కసారి ఖర్చు పెట్టి ఇక జన్మలో చూడక్కర్లేదు అనుకున్నాం. అక్కడే నీళ్లు లోపల చిక్కుకున్నాయి.

ఈ పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు, కానీ పెద్దవాళ్లయిపోయారు. మీ ఊళ్లో సున్నం పని తెలిసిన మేస్త్రి గారు ఉంటే వెళ్లి మాట్లాడండి. పాళ్లు అడగండి, కరక్కాయ ఎన్నాళ్లు నానబెట్టాలో అడగండి, ఫోన్‌లో వీడియో తీసుకోండి. అమ్మమ్మ గారింటికి వెళ్లినప్పుడు గోడని ఒకసారి తట్టి, ఆ చప్పుడు వినండి. వచ్చే ఎపిసోడ్‌లో పెంకు గురించి మాట్లాడుకుందాం. మంగళూరులో 1865లో మొదలైన పెంకుని మన గోదావరి వాళ్లు బెంగుళూరు పెంకు అని ఎందుకంటారో చూద్దాం. అందాకా సెలవు.